సెల్

సెల్ అనే ఇంగ్లీషు పదానికి అనేక అర్థాలు ఉన్నాయి. జీవశాస్త్రంలో ఒక అర్థం, విద్యుత్ శాస్త్రంలో మరొకటి, చెరసాలలో ఇంకొకటి. ఈ అర్థాలన్నింటికీ సరిపోయే ఒకే పదం తెలుగులో లేదు. అందుచేత సందర్భాన్ని బట్టి జీవకణం, ఘటం, గది, గడి, విభాగం వంటి వేర్వేరు పదాలు వాడవలసి ఉంటుంది. వాడుక భాషలో మాత్రం "సెల్లు" అనగానే చేతి ఫోనే స్ఫురిస్తుంది.

వ్యుత్పత్తి

ఈ పదానికి మూలం లాటిన్ భాషలోని "సెల్లా". చిన్న గది అనీ, సరుకులు దాచుకొనే కొట్టు అనీ దాని అర్థం. క్రైస్తవ సన్యాసులు మఠాలలో ఒంటరిగా నివసించే గదిని ఇంగ్లీషులో సెల్ అన్నారు. తేనెపట్టులోని ఆరు భుజాల అరను కూడా సెల్ అనే అంటారు. చుట్టూ హద్దు, లోపల కొద్దిపాటి చోటు అనే భావం ఈ పదానికి ఉన్న అర్థాలు చాలావాటిలో కనిపిస్తుంది.

కారాగారంలో

ఖైదీని ఉంచే చిన్న గది సెల్. అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌లో 1896-1906 మధ్య కట్టిన సెల్యులార్ జైలుకు ఆ పేరు రావడానికి కారణం ఇదే. ఖైదీలు ఒకరినొకరు చూసుకొనే వీలు లేకుండా ప్రతి ఒక్కరినీ విడి గదిలో బంధించడం కోసం ఏడు విభాగాలలో గదులు నిర్మించారు. ఇక్కడ "సెల్యులార్" అంటే "విడి గదులు గల" అని అర్థం. దీనికి జీవకణాలతో గానీ, ఫోనుతో గానీ సంబంధం లేదు.

జీవశాస్త్రంలో

1665లో ప్రచురించిన "మైక్రోగ్రాఫియా" అనే గ్రంథంలో రాబర్ట్ హుక్ తాను సూక్ష్మదర్శినితో చూసిన పలుచని బెండు ముక్కను వర్ణించాడు. అందులో కనిపించిన ఖాళీ అరలను అతడు సెల్స్ అన్నాడు. నిజానికి అతడు చూసినవి చచ్చిపోయిన కణాల గోడలు మాత్రమే. ఖాళీ గదికి పెట్టిన పేరే తరువాత జీవానికి మూలమైన కణానికి స్థిరపడింది. 1838లో ష్లైడెన్ వృక్షాలు, 1839లో ష్వాన్ జంతువులు కణాలతో నిర్మితమైనవని ప్రతిపాదించారు.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాఠ్యపుస్తకాలలో సెల్‌ను కణం అంటారు. పదార్థపు అతి చిన్న రేణువును కూడా కణం అనే అంటారు. ఆల్ఫా కణం హీలియం కేంద్రకం. దానికి జీవం లేదు. ఎర్ర రక్తకణం జీవకణం. భౌతిక, జీవశాస్త్రాలు రెండూ చదివే విద్యార్థులు తికమక పడకుండా ఉండాలంటే "జీవకణం" అనడం మేలు. కొడవలి కణ వ్యాధి అనే పేరులోని కణం కూడా ఎర్ర రక్తకణమే.

విద్యుత్ శాస్త్రంలో

రసాయన శక్తిని విద్యుత్ శక్తిగా మార్చే సాధనం సెల్. దీనిని తెలుగులో విద్యుత్ ఘటం అంటారు. ఘటం అంటే కుండ. ద్రవాలు నింపిన పాత్రలుగా ఉండిన తొలినాటి సెల్స్‌కు ఈ పదం చక్కగా నప్పుతుంది. టార్చిలైటులో వేసే నిర్జల ఘటం 1.5 వోల్టులు ఇస్తుంది.

శాస్త్ర పరిభాషలో ఒకటైతే ఘటం, కొన్నింటిని జత చేస్తే బ్యాటరీ. కారు బ్యాటరీలో సుమారు 2 వోల్టుల ఘటాలు ఆరు ఉంటాయి కనుక అది 12 వోల్టులు ఇస్తుంది. వాడుకలో ఈ తేడా పాటించరు. ఒక్క ఘటాన్ని కూడా బ్యాటరీ అనే అంటారు. సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చే సౌర ఘటం కూడా సెల్ అనే పేరుతోనే పిలవబడుతుంది.

టెలిఫోనులో

ఫోను సేవలు అందించే ప్రాంతాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజిస్తారు. ఒక్కొక్క భాగం ఒక సెల్. పక్కపక్క భాగాలలో వేర్వేరు పౌనఃపున్యాలు వాడి, దూరంగా ఉన్న భాగాలలో వాటినే తిరిగి వాడుకోవడం మొదట్లో ఈ పద్ధతిలోని కీలకంగా ఉండేది. పౌనఃపున్యాలను ఇలా వేర్వేరు భాగాలలో తిరిగి వాడుకోవడం వల్లనే పరిమితమైన పౌనఃపున్యాలతో లక్షల మంది మాట్లాడుకోగలుగుతున్నారు. కనుక సెల్ అంటే చేతిలోని పరికరం కాదు, ఆ పరికరం ఉన్న ప్రదేశం. భారతదేశంలో ఈ సేవలు 1995లో మొదలయ్యాయి.

ఇతర అర్థాలు

* కంప్యూటరు పట్టికలో నిలువు వరుస, అడ్డు వరుస కలిసే చోటు: గడి.
* సంస్థలో ప్రత్యేకమైన పని చూసే చిన్న బృందం: విభాగం. ఉదాహరణకు ఫిర్యాదుల సెల్, న్యాయ సెల్.
* రహస్యంగా పనిచేసే ముఠాలోని చిన్న దళం.

అనువాదంలో జాగ్రత్త

సెల్యులార్ జైలు, సెల్యులార్ బయాలజీ, సెల్యులార్ ఫోను అనే మూడింటిలోనూ విశేషణం ఒక్కటే. అర్థాలు మాత్రం మూడు. ఇంగ్లీషులో "అమ్ము" అనే అర్థమున్న క్రియ కూడా తెలుగు లిపిలో "సెల్" అనే రాయబడుతుంది. కాబట్టి తెనిగించేటప్పుడు నిఘంటువులో మొదట కనబడిన అర్థం తీసుకోకుండా, పక్కనున్న మాటలను చూసి తగిన పదం ఎంచుకోవాలి.

ఇవి కూడా చూడండి

* జీవకణం
* విద్యుత్ ఘటం
* సెల్యులార్ జైలు
* మొబైల్ ఫోన్