నవల వెంట నడక: చార్మినార్ నుంచి సంగారెడ్డి బాట దాకా

నవల వెంట నడక అంటే ఒక నవలలో పాత్రలు తిరిగిన వీధులు, మసీదులు, దర్గాలు, వంతెనలు వెతుక్కుంటూ పాత నగరాన్ని కాలినడకన చూడడం. హైదరాబాదు విషయంలో ఇందుకు బాగా పనికొచ్చే పాత పుస్తకం ఫిలిప్ మెడోస్ టేలర్ ఇంగ్లీషులో రాసిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ (1839). చార్మినార్ దగ్గర మొదలై, పురానాపూల్ మీదుగా మూసీ దాటి, కార్వాన్, గోల్కొండ, షేక్‌పేట గుండా పడమటి బాట పట్టే నడక ఇది. ఆ బాటే పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట మీదుగా బీదరు వైపు సాగుతుంది. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి జహీరాబాదు దాకా ఇంచుమించు ఆ దిక్కునే పోతుంది.

ఇలాంటి నడకలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ కథ జరిగిన 1904 జూన్ 16ను తలచుకుంటూ డబ్లిన్‌లో 1954 నుంచి ఏటా ఆ రోజున వీధుల వెంట తిరుగుతారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దోస్తోయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’ కథానాయకుడు వడ్డీ వ్యాపారి ముసలమ్మ ఇంటికి వేసిన 730 అడుగులను పాఠకులు ఇప్పటికీ లెక్కపెడుతూ నడుస్తారు. తెలుగులో పాతబస్తీ గల్లీలను, 1969 తెలంగాణ ఉద్యమాన్ని కలిపి చెప్పిన పరవస్తు లోకేశ్వర్ నవల ‘సలాం హైదరాబాద్’ చేతపట్టుకుని నడవదగ్గ పుస్తకమే. ఈ వ్యాసం టేలర్ పుస్తకానికి పరిమితం, ఎందుకంటే అతని కథ నగరంలోనే ఆగిపోదు. పడమటి దర్వాజా దాటి మన ఊళ్ళ బాట పడుతుంది.

రచయిత, పుస్తకం

టేలర్ 1808లో లివర్‌పూల్‌లో పుట్టాడు. 1824లో, ఇంకా పదహారేళ్ళు నిండకముందే, బొంబాయి వచ్చి, కొద్దికాలానికే నిజాం సైన్యంలో కొలువు సంపాదించాడు. దక్కనులో దశాబ్దాల తరబడి ఉన్నాడు, ఇక్కడి భాషలు నేర్చుకున్నాడు. లండన్‌లో మూడు సంపుటాలుగా వచ్చిన ఈ నవల అతనికి ఇంగ్లండులో పెద్దపేరు తెచ్చింది.

కథ చెప్పేది అమీర్ అలీ అనే థగ్గు. పట్టుబడి, అప్రూవరుగా మారి, ఒక దొరకు తన బతుకంతా చెప్పుకొస్తాడు. థగ్గులంటే బాటసారులతో స్నేహం కలుపుకుని, రెండు మూడు మజిలీలు కలిసి నడిచి, అదను చూసి రుమాలుతో గొంతు బిగించి చంపి పూడ్చేవాళ్ళని ఆనాటి ఈస్టిండియా కంపెనీ అధికారుల కథనం. ఈ కథనంలో ఎంత నిజం, ఎంత అతిశయం అన్న దాని మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. టేలర్ కూడా పాలించేవాళ్ళ పక్షాన నిలబడి రాసినవాడే. కాబట్టి నవలలోని తీర్పులను పక్కనపెట్టి వీధులను తీసుకోవడం మంచిది. ఆ వీధులు నమ్మదగ్గవి. బాట తెలియనిదే థగ్గుకు పూట గడవదు. ఏ ఊరికి ఎన్ని కోసులు, చెరువుగట్టు ఎక్కడ, సరాయి ఎక్కడ, ఎవరు ఎటు పోతున్నారు అన్నది అతని వృత్తిజ్ఞానం. రాజుల కథ చెప్పే నవలలో ఇవి అంతగా దొరకవు.

చార్మినార్ చుట్టూ

అమీర్ అలీ ముఠా ఉత్తరం వైపు నుంచి వచ్చి నగరంలో అడుగుపెడుతుంది. పడుచువాడైన అమీర్ అలీకి చార్మినార్ ఒక్కసారిగా కంటబడే ఘట్టం పుస్తకంలో బాగా గుర్తుండిపోతుంది. ఆ అనుభవం కావాలంటే మదీనా కూడలి నుంచి పత్తర్‌గట్టి రాతి కమానుల నీడన దక్షిణంగా నడవాలి. ఈ కమానుల వరుస 1908 మూసీ వరద తర్వాత కట్టినది, అంటే అమీర్ అలీ చూడనిది. కానీ మచిలీ కమాన్ కింద నిలబడితే గుల్జార్ హౌజ్ అవతల చార్మినార్ పూర్తిగా కనిపించే తీరు మాత్రం పాతదే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడం ఎత్తు సుమారు 48.7 మీటర్లు. దాన్ని దూరం నుంచి చూసి తృప్తిపడకుండా దగ్గరికి పోయి గోడ మీది గచ్చుపని చూడాలి. ఆకులు, మొగ్గలు, జాలీలు రాతిని చెక్కినవి కావు, సున్నంతో దిద్దినవి.

అక్కడికి నాలుగడుగుల్లో మక్కా మసీదు. పని 1617లో మొదలై, ఔరంగజేబు కాలంలో 1694లో ముగిసింది. అమీర్ అలీ ఇక్కడ నమాజు చేసే చోట టేలర్ కలం నెమ్మదిస్తుంది. దొర రాతలో మామూలుగా కనిపించే ఎడం అక్కడ తగ్గుతుంది.

మొహర్రం రాత్రి ఈ నవలలో అన్నిటికన్నా బలమైన నగర దృశ్యం. కాగడాల వెలుగులో నాల్ సాహెబ్ ఊరేగింపు, కిక్కిరిసిన చౌకు, మేడల మీద జనం. దీన్ని అర్థం చేసుకోవడానికి సంగారెడ్డి పల్లెల్లో పుట్టిన పాఠకుడికి ఎవరి సాయమూ అక్కరలేదు. పీర్ల పండుగ నాడు చావడి ముందు అలావా గుండం చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి ఆడడం చిన్నప్పటి నుంచి చూసినదే. నాల్ అంటే గుర్రపు నాడా. ఆ ఆకారంలో ఉండే పీరే నాల్ సాహెబ్. నగరంలో ఈ సంప్రదాయం పాతదనం చూడాలంటే పత్తర్‌గట్టి దగ్గరి బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకు పోవాలి. దాని గోడల మీది నీలం, పసుపు, ఆకుపచ్చ మెరుగుపలకల పని కుతుబ్‌షాహీల నాటిది. మొహర్రం పదో నాడు దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద బయల్దేరుతుంది.

పురానాపూల్ నుంచి కార్వాన్

చాలామంది చార్మినార్ చూసి, లాడ్ బజారులో గాజులు కొనుక్కుని తిరుగుముఖం పడతారు. నవల చేతిలో ఉన్నవాళ్ళు అక్కడ ఆగకూడదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించిన పురానాపూల్ చార్మినార్ కన్నా పదమూడేళ్ళు పెద్దది. ఇరవైకి పైగా రాతి కమానుల మీద నిలిచిన ఈ వంతెన గోల్కొండకూ అవతలి ఒడ్డుకూ నడుమ తొలి దారి. వంతెన మీద ఇప్పుడు కూరగాయలు అమ్ముతారు. టమాట గంపల నడుమ వంగి పిట్టగోడ రాళ్ళను తడిమితే ఒక్కొక్కటి ఎంత పెద్ద దిమ్మో తెలుస్తుంది.

వంతెన దాటితే కార్వాన్. బిడారులు, వజ్రాల వర్తకులు దిగిన పేట ఇది, పేరులోనే బిడారు ఉంది. 1671 నాటి తోలీ మసీదు ఈ దారి పక్కనే ఉంది. అక్కడి నుంచి గోల్కొండ దాకా పోయే బాట ఒకప్పటి రాజవీధి.

దర్గా, సరాయి, పడమటి బాట

నవలలో అమీర్ అలీ, అజీమా అనే యువతి నగరం విడిచి పారిపోయేటప్పుడు కలుసుకోవాలనుకున్న చోటు హుస్సేన్ షా వలీ దర్గా. వాళ్ళ నిఖా కూడా అక్కడే జరుగుతుంది. హుస్సేన్ సాగర్ చెరువు తవ్వే పనిని నడిపించినవాడిగా పేరున్న ఆ సూఫీ దర్గా గోల్కొండకు ఉత్తరాన, షేక్‌పేట దగ్గర ఉంది. ఇన్ని హత్యల కథలో కొంచెం తడి ఉన్న ఘట్టం జరిగిన చోటు కనుక ఇక్కడ కాసేపు కూర్చోవాలి.

కాస్త దూరంలోనే కుతుబ్‌షాహీల కాలపు షేక్‌పేట సరాయి. బాటసారులకు గదులు, గుర్రాలకూ ఒంటెలకూ కట్టుచోట్లు, పక్కన మసీదు. థగ్గులు పరిచయాలు కలుపుకునేది ఇలాంటి సరాయిల్లోనేనని నవల అంతటా తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడి రాతి గదుల ముందు నిలబడితే ఒంటరి బాటసారికి తోడు దొరకడం ఎంత ఆశగా ఉండేదో, ఆ ఆశ ఎంత ప్రమాదమో బోధపడుతుంది.

ఇక్కడి నుంచి పడమటికి నడవడం ఈ రోజుల్లో సాధ్యం కాదు. బస్సే దిక్కు. పటాన్‌చెరు, రామచంద్రాపురం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే వాళ్ళకు ఈ నడక తిరగేసి చేయడమే సులువు. సెలవు నాడు 218 నంబరు బస్సెక్కి కోఠిలో దిగి, అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్, నయాపూల్ మీదుగా మదీనా చేరుకోవచ్చు.

పటాన్‌చెరు అంటే రసాయనాల ఫ్యాక్టరీలు, నక్కవాగు కాలుష్యం, 1972లో వచ్చిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గుర్తుకొస్తాయి. అంతకు ముందు ఇది పొట్లకెరె. 11వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు రెండో జయసింహుడి పట్టణం. ఇక్కడ దొరికిన జైన శిల్పాలు హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని చూడనిదే ఈ బాట పాతదనం అందదు.

చివరి మజిలీ సంగారెడ్డి పాత జైలు. 1796లో నిజాం పాలనలో కట్టిన ఈ జైలు 2012 దాకా వాడకంలో ఉంది, 2016లో మ్యూజియం అయింది. 500 రూపాయలు కట్టి 24 గంటలు ఖైదీ బట్టలు, ఖైదీ తిండితో లోపల గడిపే ఏర్పాటు కూడా అప్పుడే వచ్చింది. నవలకూ ఈ జైలుకూ నేరుగా సంబంధం లేదు. కానీ టేలర్ హైదరాబాదుకు రాకముందే ఈ గోడలు లేచాయి, అమీర్ అలీ తన కథంతా ఖైదులో కూర్చునే చెప్పాడు. నడక ముగించి వచ్చినవాళ్ళు నవల మొదటి అధ్యాయాన్ని మళ్ళీ తెరవడానికి ఆ జైలు గది గుమ్మం తగిన చోటు.