చర్చి గుమ్మం ముందు లాటరీ

మొన్న మా సంఘ పెద్దల కూడికలో ఒక యౌవన సహోదరుడు లేచి, "అయ్యగారూ, మందిరం స్లాబుకు డబ్బు చాలడం లేదు గదా, లక్కీ డ్రా పెడదామా? టికెట్ వంద రూపాయలు, బహుమతి స్కూటీ" అన్నాడు. కొందరు నవ్వారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి సెమినరీ నాటి ఇంగ్లాండు చరిత్ర నోట్సు తీశాను. ఆ సంగతులు మీరూ వినండి.

1567లో మొదటి ఎలిజబెత్ రాణి ఒక లాటరీ ప్రకటించింది. ఓడరేవుల మరమ్మతుకు, దేశ రక్షణకు డబ్బు కావాలి, పన్ను వేస్తే ప్రజలు సణుగుతారు. 4,00,000 టికెట్లు, ఒక్కొక్కటి 10 షిల్లింగులు. కూలివానికి అది వారం కూలికంటే ఎక్కువే. మొదటి బహుమతి విలువ 5,000 పౌన్లు. అందులో నగదు 3,000 పౌన్లే, మిగిలినది వెండి పాత్రలు, తెరలు, నారబట్టలు! టికెట్ కొనేవారిని చిన్నచిన్న నేరాలకు పట్టుకోరాదని కూడా మాట ఇచ్చింది. అయినా టికెట్లు సరిగా అమ్ముడుపోలేదు. చివరకు బహుమతులను పన్నెండో వంతుకు తగ్గించారు. 1569 జనవరి 11న డ్రా మొదలుపెట్టి, మే 6 వరకు సాగించారు. ఎక్కడో తెలుసా? లండనులోని సెయింట్ పాల్స్ కెతీడ్రల్ పడమటి గుమ్మం దగ్గర.

చీట్లు వేయడం బైబిలులో ఉంది గదా అంటారేమో. మత్తీయను ఏర్పరచుకొన్నప్పుడు ఎవరూ టికెట్ కొనలేదు. సిలువ దగ్గర సైనికులు వేసిన చీట్లు వేరు, అక్కడ ఒకని వస్త్రం మరొకనికి లాభం.

1753లో పార్లమెంటు బ్రిటిష్ మ్యూజియం కోసం 3,00,000 పౌన్ల లాటరీ నడిపింది. ఖర్చులు, బహుమతులు పోగా సుమారు 95,000 పౌన్లు మిగిలాయి. ఒకే మనిషి ఎక్కువ టికెట్లు కొనకూడదని నియమం పెట్టారు. దాన్ని కాపాడవలసిన పీటర్ లీహప్ అనే అధికారే దాన్ని మీరాడు, 1,000 పౌన్ల జరిమానా కట్టాడు. నియమం రాసినంత మాత్రాన సరిపోదని అప్పుడే తెలిసింది.

అయితే అసలు గాయం పేదవారికి తగిలింది. పూర్తి టికెట్ కొనే స్తోమత వారికి లేదు. డ్రా చాలా రోజులు సాగేది గనుక, ఫలానా నంబరు ఈ రోజు వస్తుందా రాదా అని పెన్నీలు పందెం కాసేవారు. దానికి "ఇన్సూరెన్స్" అని గౌరవమైన పేరు! ఇంటి సామాను తాకట్టుకు వెళ్లేది. 1808లో కామన్స్ సభ కమిటీ ఈ నష్టాన్ని వివరంగా రాసింది. బానిస వ్యాపారంపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ దీనినీ వ్యతిరేకించాడు. ఖజానాకు వచ్చే ఆదాయం వదులుకోవడానికి ప్రభుత్వానికి మరి కొన్నేళ్లు పట్టింది. 1826 అక్టోబరు 18న చివరి డ్రా జరిగింది.

జాతీయ లాటరీ మళ్లీ వచ్చింది 1994 నవంబరు 19న. ఈసారి లైసెన్సు ఒకే సంస్థకు, పైన నియంత్రణాధికారి. మొదట 16 ఏళ్లవారికే టికెట్ అమ్మేవారు, 2021లో దాన్ని 18కి పెంచారు. తొలి రోజుల్లో పౌనులో సుమారు 28 పెన్నీలు మంచి పనులకు కేటాయించారు. పాత చర్చిల పైకప్పులు కూడా ఆ డబ్బుతో బాగుపడ్డాయి. ఇది చదివి నేను కాసేపు కళ్లద్దాలు తీసి కూర్చున్నాను.

మన దేశంలో 1998 చట్టం ప్రకారం లాటరీ నడపాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. కేరళ ప్రభుత్వం 1967లోనే మొదలుపెట్టింది. ప్రభుత్వ అనుమతి లేకుండా లాటరీ నడపడం చట్టరీత్యా నేరమే. ఆ సంగతి మా తమ్మునికి చెప్పాను. "చట్టం ఒప్పుకుంటే పెట్టేవారా అయ్యగారూ?" అన్నాడు.

మా సంఘంలో ఎవరు టికెట్లు కొంటారో ఇద్దరం కూర్చుని పేర్లు రాశాం. మొదటి పది పేర్లలో ఆరుగురు కూలికి వెళ్లే విధవరాండ్రు. అతడు కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు. స్లాబు ఇంకా పడలేదు.