న్యాయవాది నెలకొల్పిన బ్యాంకు

ధనవంతుడు వ్యాపారము పెట్టుటలో వింత లేదు. పదిమంది ధనమును ఒకచోట చేర్చి, లాభము నిశ్చయముగాని నూతన సంస్థకు మూలధనముగా నిలుపుట కష్టము. ప్రజలు ఒకమారు మోసపోయిన పిమ్మట అది మఱింత కష్టము. అట్టి కార్యమును సాధించినవారు మదరాసు హైకోర్టు వకీలు వి. కృష్ణస్వామయ్యరుగారు.

ఆయన 1863లో తంజావూరు జిల్లాలో జన్మించి, 1885లో న్యాయవాదవృత్తి నారంభించి, అచిరకాలముననే అగ్రగణ్యులైరి.

ఆనాడు చెన్నపురిలో పారీ, బిన్నీ కంపెనీలతో సరితూగు ఆంగ్లేయ వ్యాపారసంస్థ అర్బత్‌నాట్ కంపెనీ. దొరల మాటకు తిరుగులేదని నమ్మి ఉద్యోగులు, పింఛనుదారులు, సామాన్య గృహస్థులు తమ కూడబెట్టిన సొమ్ము నచట దాచుకొనిరి. భాగస్థులు ఆ సొమ్మును విదేశములందలి జూదమువంటి వ్యాపారములకు మళ్లించిరి. 1906 అక్టోబరు 22న కంపెనీ దివాలా తీసెను. లండనులోని భాగస్థుడు ఆత్మహత్య చేసికొనెను. సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠినశిక్ష పడెను.

ఋణదాతల పక్షమున వాదించిన అయ్యరుగారు దోష మెచట నున్నదో గ్రహించిరి. నేరస్థునకు శిక్ష పడినంతమాత్రమున పోయిన ధనము తిరిగిరాదు. కొలదిమంది భాగస్థుల గుప్పిటిలోని సంస్థలో దాచినవారి సొమ్ము ఎటు పోవుచున్నదో తెలియు దారి లేదు. కావున వాటాదార్లు పెట్టుబడి పెట్టి, డైరెక్టర్లు నడపి, ఏటేట లెక్కలు చూపు స్వదేశీయ బ్యాంకు కావలెనని ఆయన తలచిరి. స్వదేశీ ఉద్యమము దేశమున వ్యాపించుచున్న దినము లవి. అయ్యరుగారు మిత్రులతో గూడి వాటాలకై పిలుపునిచ్చిరి. వడ్డీవ్యాపారమున ఆరితేరిన నాటుకోట చెట్టియార్లు చేయూతనిచ్చిరి. 1907 మార్చిలో ఇండియన్ బ్యాంకు రిజిస్టరై, ఆగస్టు 15న పని ప్రారంభించెను. సరిగా నలువది యేండ్లకు అదే తేదీన దేశము స్వతంత్రమయ్యెను.

అయ్యరుగారు 1909లో హైకోర్టు న్యాయమూర్తియు, 1911లో గవర్నరు కార్యనిర్వాహక సభ్యులునై, ఆ సంవత్సరాంతముననే దివంగతులైరి. ఆయన నాటిన బ్యాంకు 1969లో జాతీయమై, 2020లో అలహాబాదు బ్యాంకును తనలో కలుపుకొనెను.

ఆంధ్రదేశమునను ఇట్టి పూనిక కలదు. వైద్యులైన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో మచిలీపట్నమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమగువఱకు అది తెలుగువారికి తోడుగా నిలిచెను.

ఒకరు వకీలు, ఒకరు వైద్యులు. ఇరువురును మూటలు గట్టిన షావుకార్లు కారు. వారి అసలు మూలధనము ప్రజల విశ్వాసము. దానిని పొందుటకు సత్యసంధత, నిలుపుకొనుటకు తెఱచి చూపు లెక్కలు కావలెను. కొలదిపాటి చందాలతో ఇరువదియైదేండ్లు నిలిచిన గ్రంథాలయమునకు ఈ సత్యము క్రొత్తది కాదు.