గోదావరి డెల్టా చమురు, సహజవాయు రంగం: నిపుణుల అవసరం, నియామక విధానం

కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ కార్యకలాపాలకు రాజమహేంద్రవరం ఒక ముఖ్య కేంద్రం. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావిలో చెలరేగిన మంటలను ఆర్పుటకు విదేశీ నిపుణుల సహాయంతో రెండు నెలలకు పైగా శ్రమించవలసి వచ్చింది. శిక్షణ పొందిన సిబ్బంది ఆవశ్యకతను ఆ ప్రమాదం తెలియజేసింది. 2009 ఏప్రిల్‌లో కాకినాడ తీరానికి ఆవల కె.జి.-డి6 క్షేత్రంలో గ్యాస్ ఉత్పత్తి ప్రారంభం కావడంతో లోతైన సముద్రంలో పనిచేయగల నిపుణులు కూడా అవసరమయ్యారు.

ఓఎన్‌జీసీలో ఇంజనీర్లు, భూవిజ్ఞాన నిపుణుల నియామకం జాతీయ స్థాయి పోటీ ద్వారా జరుగుతుంది. పెట్రోలియం ఇంజనీరింగ్ విద్య కొరకు విశాఖపట్నంలో 2016లో ఐఐపీఈ ఏర్పాటైంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి ఐ.టి.ఐ. ట్రేడుల అభ్యర్థులకు 1961 అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో శిక్షణ లభిస్తుంది. అయితే శిక్షణ పూర్తి చేసినంత మాత్రాన ఉద్యోగం లభించదు. కావున అభ్యర్థులు ఇతర నియామక ప్రకటనలకు కూడా దరఖాస్తు చేసుకొనుట మేలు.