మెడ నొక్కని 303

తొంభైల్లో తెలుగు పేపరు చదువుతూ పెరిగినవాళ్ళకి కొన్ని అంకెలు గుర్తుండే ఉంటాయి. ఎన్‌కౌంటర్ వార్త చివర, చనిపోయినవాళ్ళ పేర్ల కింద, స్వాధీనం చేసుకున్న ఆయుధాల జాబితా వచ్చేది: 303 రైఫిల్, 410 మస్కెట్, 8 ఎం.ఎం. రైఫిల్, తపంచా. ఇన్ని కొలతలెందుకో అప్పట్లో ఎవరినీ అడగలేదు. జవాబు శాన్ రామన్‌లో, రిటైరైన మా పాత కొలీగ్ గరాజ్‌లో దొరుకుతుందని మాత్రం అనుకోలేదు.

ఆయన తన తూటాలు తనే నింపుకుంటాడు. ఇక్కడ అదో హాబీ. తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి కేసు, అడుగున ప్రైమర్, లోపల మందు, మూతిలో గుండు. పేలాక చేతికి మిగిలేది కేసు ఒక్కటే, మళ్ళీ మళ్ళీ వాడుకోగలిగేదీ అదే. పాత తుపాకీ అయితే దాని కేసులు బజారులో దొరకవు. అప్పుడు దగ్గరి చుట్టాన్ని వెతుకుతారు. అడుగు వెడల్పు, అంచు సరిపోయే వేరే కొలత కేసు తెచ్చి, డైలో పెట్టి ప్రెస్సుతో నొక్కి మెడని కొత్త కొలతకి తెస్తారు. పొడుగైతే కోస్తారు. ఇత్తడి నొక్కేకొద్దీ గట్టిపడి చిట్లుతుంది కాబట్టి మెడని కాల్చి మెత్తబరుస్తారు. మన కంచరివాళ్ళు చెంబు సాగగొడుతూ మధ్యమధ్యలో చేసే పనే ఇది. ఇంతా అయ్యాక కేసు అడుగున ముద్ర మాత్రం పాతదే ఉంటుంది. మెట్టినింటికొచ్చి ఎన్నేళ్ళయినా పుట్టింటి ఇంటిపేరుతోనే పిలిపించుకునే కోడల్లాగ.

ఆ రోజు ఆయన చేస్తున్నది 303 కేసుల్ని 410 కొలతకి తీసుకురావడం. తుపాకీ చూస్తే, దాని మీద ఇషాపూర్ అని ముద్ర! కలకత్తా దగ్గరి రైఫిల్ ఫ్యాక్టరీ. మన పోలీసుల మస్కెట్ కాలిఫోర్నియా గరాజ్‌లో.

ఈ 410 మస్కెట్ అసలు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలే. రైఫిల్ గొట్టంలో గుండుని తిప్పే మెలి గాళ్ళు ఉంటాయి, అందుకే దూరం, గురి. ఇందులో ఆ గాళ్ళు లేవు, నున్నటి గొట్టం. పది తూటాలు పట్టే మ్యాగజీన్ చోట చెక్కముక్క బిగించి, ఒక్కొక్క తూటా చేత్తో పెట్టేలా చేశారు. తూటా కూడా 303 నుంచి పుట్టినదే. 303 కేసు కింద లావుగా ఉండి పైన సుమారు 0.311 అంగుళాల గుండుని పట్టుకునేలా మెడ సన్నబడుతుంది. ఆ మెడ నొక్కకుండా వదిలేస్తే 410 తూటా. అది మామూలు 303 రైఫిల్లో దూరనే దూరదు. 303 తూటాని ఈ మస్కెట్లో పెడితే, సన్నటి గుండు వెడల్పాటి గొట్టంలో వదులుగా పోతుంది, గురి ఉండదు. అంటే సైన్యం తూటా పోలీసుకి పనికిరాదు, పోలీసు తూటా సైన్యానికి పనికిరాదు. మధ్యలో ఎత్తుకుపోయినవాడికి రెండూ కలిసిరావు.

గుంపుల మీద దగ్గర్నుంచి కాల్చడానికి ఇది చాలు అన్నది ఒక వాదన. అంతేనంటే నేను నమ్మను. దీనికి ముందు కథ ఉంది. 1857 తిరుగుబాటులో ఎన్‌ఫీల్డ్ తూటాల మీది కొవ్వు సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగినదే తక్కువమందికి తెలుసు: దేశీ సిపాయిలకి 1858 నమూనా అని నున్నటి గొట్టం మస్కెట్లు ఇచ్చారు. పైకి అదే ఎన్‌ఫీల్డ్, లోపల గాళ్ళు లేవు. 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. 1907లో ఇంకో నిషేధం, ఈసారి వేటగాళ్ళు వాడే 450 తూటాల మీద. పాత మార్టినీ-హెన్రీ తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో ఇంకా ఉన్నాయి, వేట తూటాలోని గుండు ఊడదీసి వాటిలో వాడుకుంటారని భయం. వెంటనే లండన్‌లో హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 500 కేసు మెడ నొక్కి 465 తూటా తయారు చేసింది. పులుల వేట ఆగలేదు. దొరలకి మాత్రం చట్టం పక్కన సందు ఎప్పుడూ దొరుకుతుంది.

8 ఎం.ఎం. కూడా ఇలాంటిదే. అది మన కొలత కాదు, ఆస్ట్రియా-హంగరీ సైన్యం మాన్‌లిఖర్ రైఫిల్ తూటా. సైన్యం వాడే 303 పౌరులకి ఇవ్వరు కనక, ఎవరి సైన్యమూ మన దగ్గర వాడని కొలత ఒకటి కావాలి. అలా అది 315 బోరు పేరుతో మన లైసెన్సు తుపాకీ అయ్యింది. స్వతంత్రం వచ్చాక ఇషాపూర్ కూడా దాన్నే కొనసాగించింది. తెలంగాణ పల్లెల్లో దొరల ఇళ్ళనుంచి అడవిలోకి వెళ్ళిన తుపాకుల్లో ఇవీ ఉన్నాయి. ఇక్కడివాళ్ళు దానికి కేసులు దొరక్క రష్యన్ 7.62 కేసుల్ని నొక్కి చేసుకుంటారు.

అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేసినప్పుడు 26 తుపాకులతో పాటు 2500కి పైగా తూటాలు కూడా పట్టుకెళ్ళాడు. సినిమాల్లో తుపాకులే కనిపిస్తాయి. నాకైతే ఆ రెండో అంకే ముఖ్యం. మన్యంలో నాటు తుపాకీకి మందు కూరుకోవచ్చు. ఇత్తడి కేసు, ప్రైమర్ మాత్రం అడవిలో తయారు కావు. కాల్చిన ప్రతి తూటాకీ ఆ 2500లోంచి ఒకటి తగ్గుతుంది, అవతలివాళ్ళకి ఫ్యాక్టరీలు ఉన్నాయి. 1924 మే 7న ఆయన్ని కాల్చిచంపేదాకా ఆ లెక్క మారలేదు.

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి నిండు తూటాలు కొనాలంటే నేపథ్య తనిఖీ ఉండాలి. ఖాళీ కేసులకి అదేం లేదు. రేంజుల్లో నేల మీద పడుంటాయి, ఊడ్చి బకెట్లలో పోస్తారు.

మా పెదనాన్న ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబుల్‌గా చేశాడు. ఫోన్లో ఈ బకెట్ల సంగతి చెప్తే చాలాసేపు నమ్మలేదు. ఫైరింగ్ ప్రాక్టీసు అయ్యాక వాళ్ళు గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ ఖాళీలు ఏరేవాళ్ళట. ఇచ్చినన్ని తూటాలకి అన్ని ఖాళీలు తిరిగి అప్పజెప్పాలి. ఒకసారి ఒకటి తక్కువైతే చీకటిపడేదాకా పన్నెండుమంది వెతికారట.

"దొరికిందా?" అన్నాను.

"దొరక్క? ఎవడి బూటు కిందో దిగబడి ఉంది. అయినా పేలిపోయిన ఇత్తడితో ఎవడేం చేస్తాడ్రా?" అన్నాడు.