లెఫ్కె ద్వారం బయట ఖాజీ సమాధి

టర్కీలోని ఇజ్నిక్ పట్టణానికి తూర్పు ప్రాకారంలో లెఫ్కె ద్వారం ఉంది. దాన్ని దాటగానే ఖబరస్తాన్. చందార్లి కరా హలీల్ హైరెద్దీన్ పాషా సమాధి అక్కడే. ఊళ్లో ఆయన మొదలుపెట్టిన యెషిల్ జామి మసీదు మినారు పచ్చ, నీలి పలకలతో మెరుస్తూ యాత్రికులను పిలుస్తుంది. మసీదును చూసి, దాన్ని తలపెట్టినవాణ్ని చూడకుండా తిరిగిరావడం అన్యాయమే.

ఒట్టోమన్ పాలకుడు ఒర్హాన్ 1331లో ఈ పట్టణాన్ని బైజాంటియన్ల నుంచి గెలుచుకున్నాడు. బిలెజిక్, ఇజ్నిక్, బుర్సాలలో ఖాజీగా తీర్పులు చెప్పిన హలీల్‌ను ఒర్హాన్ కొడుకు మొదటి మురాద్ సైన్యం మొత్తానికీ న్యాయాధికారిగా నియమించాడు. ఒట్టోమన్లలో ఆ పదవి దక్కిన తొలి మనిషి ఆయనే. తర్వాత వజీరయ్యాడు.

యుద్ధంలో దొరికినదాంట్లో ఐదో వంతు పాలకుడిదని ఇస్లామిక్ ధర్మశాస్త్రం. ఖైదీలకూ అదే వర్తిస్తుందని కరా రుస్తుం అనే పండితుడు చెబితే, హలీల్ ఆ మాట మురాద్ చెవిన వేశాడని పాత చరిత్రకారుల కథనం. అలా చేరిన కుర్రాళ్లతోనే, పాలకుడి సొంత పదాతి సేన అయిన జానిసారీ దళం మొదలైందంటారు. ఒక న్యాయసూత్రం సైన్యాన్ని పుట్టించింది. తర్వాతి తరాల్లో బాల్కన్ కుటుంబాలు తమ పిల్లలను ఆ దళానికి అప్పగించాల్సి వచ్చింది. హలీల్ మేధను మెచ్చుకునేవాళ్లు ఆ తల్లుల దుఃఖాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

తీర్పులు చెప్పిన ఆయనే కత్తి పట్టి సేనలను నడిపాడు. 1383లో, ఇప్పటి గ్రీస్‌లోని సెరెస్ లొంగింది. అదే ఏడాది థెస్సలోనికిని ముట్టడించాడు. ముట్టడి నాలుగేళ్లు సాగింది. అది ఫలించడం మాత్రం ఆయన చూడలేదు. 1387 జనవరిలో సెరెస్‌లో కన్నుమూస్తే, నగరం ఏప్రిల్‌లో లొంగింది. దేహాన్ని ఇజ్నిక్‌కు తెచ్చి ఖననం చేశారు. 1378లో మొదలైన మసీదు పని ఆయన పోయాక 1392 ప్రాంతంలో ముగిసింది. వజీరు పదవిలో తండ్రి తర్వాత వచ్చిన కొడుకు అలీ పాషాకు కూడా 1406లో ఆ సమాధి పక్కనే చోటు దక్కింది.

మనవడు హలీల్ పాషా కథ వేరు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ ముట్టడి వద్దన్నందుకు, నగరం పడిన కొద్ది రోజులకే సుల్తాన్ రెండో మెహ్మెద్ అతన్ని చెరలో వేయించి, తర్వాత చంపించాడు. అయినా ఆ ఇల్లు ఆరిపోలేదు. అదే మెహ్మెద్ కొడుకు రెండో బయజీద్ 1498లో హలీల్ కొడుకు ఇబ్రహీంను ప్రధాన వజీరుగా తెచ్చి కూర్చోబెట్టాడు.