కోడ్ ముట్టుకోలేదు, ఎర్రర్ మాత్రం వచ్చింది

మా పెదనాన్నగారి మనవడొకడు పీహెచ్‌డీ చేస్తున్నాడు. 2023 వేసవిలో ఓ రాత్రి ఫోన్ చేశాడు. "బాబాయ్, మొన్నటిదాకా నడిచిన స్క్రిప్టు ఇవాళ 403 అంటోంది. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు, ఒట్టు!"

వాడి మాట నిజమే. ట్విట్టర్ డేటా లాగే స్క్రిప్టుల్లో (2023 జులైలో ఎక్స్ అని పేరు మార్చారు, నాకింకా నోరు తిరగట్లేదు) చాలా ఎర్రర్లకి మూలం మన కోడ్‌లో ఉండదు. వాళ్ళు తీసుకున్న ఓ నిర్ణయం, దానికో తారీఖు ఉంటాయి.

2006 సెప్టెంబరులో ఏపీఐ వచ్చింది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ స్క్రిప్టులోనే రాసేస్తే పనైపోయేది. 2010 ఆగస్టు 31తో ఆ తలుపు మూసి ఓఆత్ తప్పనిసరి చేశారు. మార్చుకోని స్క్రిప్టులకి 401. 2013 జూన్ 11న పాత వెర్షన్నే ఎత్తేశారు. అన్నట్టు, ఆ పాత వెర్షన్లో సెర్చ్ మరీ ఎక్కువగా వాడితే 420 అనే ఎర్రర్ వచ్చేది, 'కాస్త శాంతించు' అని! తర్వాత బుద్ధిగా 429కి మారారు. నన్నడిగితే ఎర్రర్లన్నిట్లో మంచిది అదే, పావుగంట ఆగితే పోతుంది.

అసలు కథ నంబర్లది. ప్రతి ట్వీటుకీ ఒక ఐడీ ఉంటుంది. 2009 జూన్‌లో ఆ ఐడీ 2,147,483,647 దాటింది. 32 బిట్ల ఇంటీజర్ పెట్టుకున్న ప్రోగ్రాములు కొన్ని బోర్లా పడ్డాయి. 2010 నవంబరులో స్నోఫ్లేక్ అనే కొత్త పద్ధతి పెట్టి 64 బిట్ల ఐడీలు ఇచ్చారు. జావాస్క్రిప్టు 53 బిట్లు దాటిన నంబర్ని సరిగ్గా పట్టుకోలేదు కాబట్టి, అదే ఐడీని స్ట్రింగ్‌గా ఇంకో ఫీల్డులో కూడా పంపేవారు. ఎందుకీ డబుల్ పని అని అప్పట్లో నవ్వుకున్న మహానుభావుల్లో నేనొకణ్ణి.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయి కదా. ఆక్సిజన్ కావాలి, బెడ్ కావాలి అని జనం ట్విట్టర్లో మొరపెట్టుకున్న రోజులు. తెలుగులో వచ్చినవి ఒక స్క్రిప్టుతో పోగేశాను. వాటిల్లో జనాల ఫోన్ నంబర్లున్నాయని టెక్స్ట్ తీసేసి ఐడీలే దాచాను. ఐడీ ఉంటే ట్వీటు మళ్ళీ ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు కదా, పరిశోధకులు పంచుకునేది కూడా అలాగే. సీఎస్‌వీ ఫైలు స్ప్రెడ్‌షీట్లో తెరిస్తే 1.38ఇ+18 అని కనబడింది. కాలమ్‌ని నంబర్ ఫార్మాట్‌కి మార్చి సేవ్ కొట్టాను. ఎర్రరేమీ రాలేదు. వచ్చుంటే బాగుండేది.

2021 జనవరి నుంచి పరిశోధకులకి నెలకి కోటి ట్వీట్ల దాకా ఉచితంగా ఇచ్చేవారు. 2023 ఫిబ్రవరి 2న ఉచిత ఏపీఐ ఆపేస్తున్నామని ప్రకటించారు. మార్చి నెలాఖరుకి కొత్త ధరలు పెట్టారు: నెలకి 100 డాలర్లు కడితే 10,000 ట్వీట్లు చదవొచ్చు. మావాడి 403 అదీ. నా ఫైలిస్తాను, డబ్బు కట్టయినా ఆ ట్వీట్లు తెచ్చుకుందాం అన్నాను.

పావుగంటలో మళ్ళీ ఫోన్. "బాబాయ్, అన్ని ఐడీల చివరా నాలుగు సున్నాలే ఉన్నాయేంటి?"

స్ప్రెడ్‌షీట్ నంబర్‌గా దాచేది 15 అంకెలే. ఐడీకి 19. మిగతా నాలుగూ సున్నాలైపోయాయి. ఒరిజినల్ ఫైలు లేదు, దాని మీదే సేవ్ చేశాను కదా. తప్పు పూర్తిగా నాదే.

చిత్రమేంటంటే స్నోఫ్లేక్ ఐడీలో పై బిట్లన్నీ టైమే. చివరి 22 బిట్లు మాత్రమే ఏ మెషీన్, ఎన్నోది అన్న వివరం. నాలుగంకెలు పోయినా టైముకి దెబ్బ తగల్లేదు. 22 బిట్లు కుడికి జరిపి 1288834974657 కలిపితే, ఆ రోజుల్లో ఒక్కో మొర ఎప్పుడు పెట్టారో దాదాపు మిల్లీసెకనుతో సహా తెలుస్తుంది. ఎవరు పెట్టారో, ఏమడిగారో తెలీదు.

మావాడు ఆ టైముల్తోనే ఒక గ్రాఫు గీసి పంపాడు. రాత్రి రెండు గంటలప్పుడు కూడా గీత కిందికి దిగలేదు.